కేఎంశాన్ చూపించిన చోట సున్నాలు నింపితే సరిపోతుందా?

ప్రశ్న:

ఒక యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ డ్రైవర్‌ మీద పనిచేస్తున్నాను. లైనక్స్ 6.1 కెర్నల్‌ని క్లాంగ్‌తో, కేఎంశాన్ (విలువ నింపని మెమరీని వాడితే పట్టిచ్చే కెర్నల్ టూల్) ఆన్ చేసి బిల్డ్ చేశాను. అసలు పరికరం పెడితే ఏ గొడవా లేదు. ఫజర్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌లిచ్చి పరీక్షించే టూల్) ఇచ్చిన రీప్రొడ్యూసర్, అంటే బగ్‌ని మళ్లీ రప్పించే ప్రోగ్రామ్, నడిపితే మాత్రం ప్రోబ్‌లో (పరికరం పెట్టగానే నడిచే డ్రైవర్ ఫంక్షన్‌లో) "అన్‌ఇనిట్ వాల్యూ", అంటే నింపని విలువ, అని రిపోర్ట్ వస్తోంది. మ్యాక్ అడ్రస్ (అడాప్టర్ గుర్తింపు సంఖ్య) చదవడానికి స్టాక్‌లో (ఫంక్షన్ల తాత్కాలిక మెమరీలో) 6 బైట్ల అర్రే పెట్టుకున్నాం, అదే కారణమట. డిక్లేర్ చేసే చోటే సున్నాలు పెట్టాను, రిపోర్ట్ పోయింది. రివ్యూలో మాత్రం "అది ఎందుకు నిండలేదో ముందు చెప్పండి" అని ప్యాచ్ వెనక్కి పంపారు. రెండు రోజులుగా అదే టెన్షన్.

ఇంకోటి. ఐఆక్టల్‌లో (యూజర్ ప్రోగ్రామ్ డ్రైవర్‌ని పిలిచే కాల్‌లో) యూజర్‌కి ఒక స్ట్రక్చర్ కాపీ చేస్తున్నాం. ఫీల్డులన్నీ నింపాను, ఒక్కటి కూడా వదల్లేదు. అయినా 16 బైట్లలో 1 నుంచి 3 వరకు ఖాళీ అంటోంది. ఇది టూల్ తప్పేనా?

జవాబు 1:

రెండూ నిజమైన బగ్‌లేనండి. కానీ రెండింటికీ మందు ఒకటి కాదు.

మొదటిది చూద్దాం. రిపోర్ట్‌లో పైన కనిపించేది ఆ విలువని వాడిన చోటు, కింద కనిపించేది ఆ వేరియబుల్ పుట్టిన చోటు. తప్పు ఆ రెండింటి మధ్య, రిపోర్ట్‌లో లేని లైన్లో ఉంటుంది. కేఎంశాన్ గార్బేజ్‌ని కాపీ చేసినంత మాత్రాన అరవదు. దాన్ని బట్టి ఒక ఇఫ్ అటో ఇటో తిరిగినప్పుడో, అది యూజర్‌కి వెళ్లినప్పుడో అరుస్తుంది. అందుకే పై నుంచి చదివితే దారి తప్పుతాం, పుట్టిన చోటు నుంచి పైకి రావాలి.

మీ డ్రైవర్ యూఎస్‌బీనెట్ రీడ్ కమాండ్ (పరికరం నుంచి బైట్లు చదివే కెర్నల్ ఫంక్షన్) వాడుతుంటే, దాని రిటర్న్ వాల్యూని ఎలా చెక్ చేస్తున్నారో చూడండి. సున్నా కంటే తక్కువా అని మాత్రమే చూస్తున్నారని నా అనుమానం. అది తిరిగి ఇచ్చేది ఎన్ని బైట్లు వచ్చాయన్న లెక్క. 6 అడిగితే పరికరం 3 ఇచ్చి ఊరుకోవచ్చు. అది ఎర్రర్ కాదు, కాబట్టి మీ చెక్ దాటేస్తుంది. మిగతా 3 బైట్లు స్టాక్ మీద అంతకుముందు ఉన్నవే.

ఇప్పుడు మీ సున్నాల సంగతి. మ్యాక్ అడ్రస్‌లో మొదటి 3 బైట్లు తయారీదారువి. అవి వచ్చి, మిగతావి సున్నాలైతే అడ్రస్ చెల్లుతుందా అన్న చెక్ హాయిగా పాస్ అవుతుంది. అలా తడబడిన ప్రతి అడాప్టర్‌కీ ఒకే మ్యాక్ వస్తుంది. ఒకే నెట్‌వర్క్‌లో రెండు పడ్డాయంటే కనెక్షన్ ఎందుకు తెగుతోందో ఎవరికీ అంతుపట్టదు. మీరు బగ్‌ని తీయలేదు, దాని గొంతు నొక్కారు. నేనూ ఒకప్పుడు ఒక సెన్సర్ డ్రైవర్‌లో ఇదే చేశాను. రీడింగ్ అప్పుడప్పుడు సున్నా చూపిస్తుంటే హార్డ్‌వేర్ పాడైందనుకుని వారం పోగొట్టుకున్నాను. ఆ సున్నా నేను పెట్టిందే. అప్పటి నుంచి ఇలాంటి ప్యాచ్ నా దగ్గరికి వస్తే ఒప్పుకోను.

రిటర్న్ నెగటివ్ అయితే అదే వెనక్కి పంపండి. నెగటివ్ కాకుండా 6 కంటే తక్కువైతే ఐఓ ఎర్రర్ ఇవ్వండి. అంతే ప్యాచ్.

రెండోది ప్యాడింగ్. మొదటి ఫీల్డు ఒక బైట్, రెండోది 4 బైట్లది అయ్యుంటుంది. రెండోది 4 దగ్గర మొదలవ్వాలి కాబట్టి కంపైలర్ మధ్యలో 3 బైట్లు వదిలింది. వాటికి పేరు లేదు, మీరు నింపలేరు. కాపీ మాత్రం 16 బైట్లూ చేస్తోంది, అంటే కెర్నల్ స్టాక్ ముక్క బయటికి పోతోంది. ఇక్కడ మెమ్‌సెట్టే సరైన మందు. ముందు మొత్తం స్ట్రక్చర్‌ని సున్నా చేసి, తర్వాత ఫీల్డులు నింపండి.

జవాబు 2:

పై మాటకి ఒకటి కలుపుతాను. బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్లలో) ఇనిట్ ఆన్ అలాక్ 1 అని ఉంటే, ఈ పరీక్షలప్పుడు తీసేయండి. 5.3 నుంచి ఉన్న ఆప్షన్ అది, మామూలు వాడకంలో మంచి రక్షణే. కానీ కెమాలక్ (అడిగినప్పుడు మెమరీ ఇచ్చే కెర్నల్ ఫంక్షన్) ఇచ్చే ప్రతి ముక్కనీ ముందే సున్నా చేస్తుంది కాబట్టి హీప్‌లో, అంటే అలా తీసుకున్న మెమరీలో, ఉన్న ఇలాంటి బగ్‌లు కేఎంశాన్‌కి కనిపించవు. బూట్ లాగ్‌లో కెర్నలే ఆ హెచ్చరిక ఇస్తుంది, చూడండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్సండి. రిటర్న్ వాల్యూ ప్రింట్ చేసి చూశాను, 0 వచ్చింది. ఒక్క బైట్ కూడా రాలేదు, మేం మాత్రం ముందుకు పోయాం. సున్నాల ఇనిషియలైజేషన్ తీసేసి చెక్ పెట్టాను, ఇప్పుడు ప్రోబ్ ఎర్రర్‌తో ఆగిపోతోంది. అదే డ్రైవర్‌లో వెతికితే ఫై (కేబుల్ సిగ్నల్‌ని చూసుకునే చిప్) రిజిస్టర్ చదివే చోట, 2 బైట్ల రీడ్‌లో ఇదే తప్పు దొరికింది. దానికి ఇంకా రిపోర్ట్ రాలేదు. రెండిటినీ ఒకే ప్యాచ్‌లో పంపాలా, విడివిడిగానా?

జవాబు 1:

విడివిడిగా పంపండి. తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో రెండింటికీ వేరుగా ఫిక్సెస్ ట్యాగ్‌లో రాయండి, పాత స్టేబుల్ కెర్నల్స్‌కి తీసుకెళ్లేవాళ్లకి అదే ఆధారం. కమిట్ మెసేజ్‌లో 0 వచ్చిన సంగతి కూడా రాయండి, రివ్యూలో అడిగింది అదే.