ఓపెన్ వరల్డ్ ఆర్పీజీల్లో మార్కర్లు, ఫాస్ట్ ట్రావెల్ ఆపేసి ఆడితేనే మజానా?

దారితప్పిన_గుర్రం:
స్కైరిమ్ మళ్ళీ మొదలెట్టా, అదే, పెద్ద ప్రపంచంలో ఒక పాత్రగా మన ఇష్టమొచ్చినట్టు తిరిగే గేమ్. ఈసారి ఫాస్ట్ ట్రావెల్ బంద్, క్వెస్ట్ మార్కర్లు (అంటే ఇచ్చిన పనికి ఎటు వెళ్ళాలో చూపించే గుర్తులు) బంద్. ఆట మొత్తం మారిపోయింది అంటే నమ్మండి. ఇంతకుముందు వైట్‌రన్ అనే ఊరి నుంచి సాలిట్యూడ్ అనే ఊరికి వెళ్ళాలంటే మ్యాప్ మీద ఒక క్లిక్, లోడింగ్ స్క్రీన్, అయిపోయింది. ఇప్పుడు అదే దారిలో నడిచి పోతుంటే దూరంగా మామత్‌లు, వాటి పక్కన జెయింట్ క్యాంప్, సరే చుట్టూ తిరిగి పోదాం అని పక్కకి జరిగితే అక్కడో గుహ, గుహలో బందిపోట్లు, బయటికొచ్చేసరికి చీకటి పడి అసలు నేను ఏ పని మీద బయల్దేరానో మర్చిపోయా, అదే కదా ఓపెన్ వరల్డ్ అంటే! నా లెక్కలో మార్కర్ పెట్టుకుని ఆడేవాళ్ళు ఆట ఆడట్లేదు, బాణం గుర్తు వెనక పరిగెడుతున్నారు. కాదనేవాళ్ళు రండి.

రాత్రి_పదకొండు:
వచ్చాను. పిల్లలు పడుకున్నాక నాకు దొరికేది గంట, అదీ రోజూ కాదు. ఆ గంటలో సగం, నిట్టనిలువు కొండ మీద జంప్ బటన్ నొక్కుతూ జారుతూ గడపాలా? మీరు మామత్‌ల అందం చూడండి బ్రో, నాకేం అభ్యంతరం లేదు. కానీ నేను ఆట ఆడట్లేదని మీరెలా అంటారు? నాకు కథ కావాలి, విచర్ 3 గేమ్‌లో బ్లడీ బారన్ క్వెస్ట్ మినీమ్యాప్ (తెర మూలనుండే చిన్న మ్యాప్) మీద చుక్కల గీత పట్టుకునే ఆడా, ఆ కుటుంబం కథకి నాకు గొంతులో ముద్ద అడ్డం పడింది, గీత ఉందని ఆ బాధేం తగ్గలేదు.

పాత_జర్నల్:
ఇద్దరూ మార్కర్ ఉండాలా వద్దా అనే కొట్టుకుంటున్నారు గానీ అసలు గొడవ అది కాదు. మార్కర్ తీసేస్తే దారి ఎవరు చెప్తారు? అదీ ప్రశ్న.

స్కైరిమ్ సిరీస్‌లోనే పాత గేమ్ మారోవిండ్ (2002) చూడండి. అందులో మార్కర్ అనేదే లేదు. మొదట్లోనే డ్వెమర్ అనే పాతకాలం జాతి కట్టిన ఒక శిథిలంలోంచి పజిల్ బాక్స్ తెమ్మంటారు. పంపించేవాడు దారి కూడా చెప్తాడు, బాల్మోరాకి దక్షిణం వైపు నుంచి బయటపడు, మూన్‌మాత్ కోట దాటు, లావా పారి ఎండిపోయిన లోయ మీద పాత డ్వెమర్ వంతెన కనబడుతుంది, అది దాటితే ఆర్క్‌ంగ్‌థాండ్, అదే ఆ శిథిలం, తలుపు ఊరికే తెరుచుకోదు, పక్కన పైపు మీదున్న క్రాంక్ తిప్పు అని. మనిషి మనిషికి దారి చెప్పినట్టే ఉంటుంది. ఆ వంతెన కనబడగానే వచ్చే ఆనందం ఏ బాణం గుర్తూ ఇవ్వలేదు.

ఇప్పుడు స్కైరిమ్‌లో మార్కర్ ఆపి జర్నల్ (క్వెస్టుల వివరాలు ఉండే చిట్టా) తెరవండి. ఫలానా గుహలో ఫలానా వస్తువు తీసుకురా, ఎక్కువ క్వెస్టుల్లో అంతే! ఆ గుహ ఏ దిక్కున ఉందో ఎన్‌పీసీ (గేమే నడిపించే పాత్ర) చెప్పడు, ఎందుకంటే మార్కర్ ఉంటుందని నమ్మి రాసిన డైలాగ్ అది. గుర్రం బ్రో, మీరు నిజంగా మార్కర్ లేకుండా ఆడుతున్నారా, లేక మధ్యమధ్యలో ఆన్ చేసి చూసుకుంటున్నారా?

దారితప్పిన_గుర్రం:
😅 కొన్ని క్వెస్టులకి ఆన్ చేయక తప్పలేదు, అవి లెక్కలోకి రావు. కానీ స్కైరిమ్‌ని మరీ అంత తీసిపారేయకండి. గోల్డెన్ క్లా క్వెస్ట్‌లో కమిల్లా అనే అమ్మాయి మనతో పాటు రివర్‌వుడ్ ఊరి వంతెన దాకా నడిచొచ్చి, మనం వెళ్ళాల్సిన బ్లీక్ ఫాల్స్ బారో ఎటువైపో చూపిస్తుంది కదా?

పాత_జర్నల్:
అదే నేనూ అంటున్నది, వాళ్ళకి చేతకాక కాదు. కానీ ప్రతి క్వెస్ట్‌కీ అలా చేయాలంటే ఎంత పని! మారోవిండ్‌లో డైలాగ్ ఎక్కువ శాతం చదువుకునే టెక్స్టే కాబట్టి పేరా పేరా దారి రాసేశారు. 2006లో దాని తర్వాతి గేమ్ ఒబ్లివియన్ వచ్చేసరికి అంతా వాయిస్ యాక్టింగ్, ప్రతి వాక్యం ఒకరు మాట్లాడి రికార్డ్ చేయాలి. దాంతో పాటే కంపాస్ మీద మార్కరూ వచ్చింది, పెద్ద ఊళ్ళకి మొదటి నుంచీ ఫాస్ట్ ట్రావెలూ వచ్చింది.

సైడ్‌క్వెస్ట్_పిచ్చి:
మారోవిండ్ భజన చేసే ముందు దాని జర్నల్ గురించి కూడా చెప్పండి అన్నా. అన్ని క్వెస్టులూ తారీఖుల వారీగా కలగాపులగంగా పడుంటాయి, క్వెస్ట్ వారీగా చూసుకోవాలంటే ట్రిబ్యునల్ ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి అదనంగా వచ్చిన భాగం) వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. పైగా కొందరు చెప్పే డైరెక్షన్లే తప్పు. ఆ పజిల్ బాక్స్ కూడా ఎక్కడో గదిలో షెల్ఫ్ మీద చిన్నగా ఉంటుంది, ఆ శిథిలంలో దాని కోసం తిరిగి తిరిగి విసుగొచ్చి గేమ్ తీసేసినవాళ్ళు నాకు తెలుసు.

ఇంకోటి, ఫాస్ట్ ట్రావెల్‌నీ మార్కర్‌నీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. ఎల్డెన్ రింగ్‌లో గ్రేస్ (మధ్యమధ్యలో ఆగి సేదతీరే చోటు) నుంచి గ్రేస్‌కి ఎంత టెలిపోర్ట్ కావాలంటే అంత అవ్వచ్చు, గుహల్లాంటి చోట్ల ఉన్నప్పుడు తప్ప. అయినా దాంట్లో ఎక్స్‌ప్లోరేషన్ చచ్చిపోయిందని ఎవరన్నా అన్నారా? ఎందుకనలేదంటే మొదటిసారి ప్రతి చోటికీ మనమే వెళ్ళాలి, ఎక్కడ ఏముందో మ్యాప్ చెప్పదు. చూసేసిన దారిలో మళ్ళీ గుర్రం తోలడం వల్ల కొత్తగా ఒరిగేదేం లేదు.

రాత్రి_పదకొండు:
ఎల్డెన్ రింగా! నెలన్నర గ్యాప్ తర్వాత తెరిచి చూడండి. క్వెస్ట్ లాగ్ లేదు, ఎవరు ఎక్కడ ఏమన్నారో గుర్తుండదు, వెళ్ళి చూస్తే ఆ ఎన్‌పీసీ అక్కడ ఉండడు. వాళ్ళకే పాపం అనిపించినట్టుంది, 2022 మార్చిలో 1.03 ప్యాచ్‌లో ఎన్‌పీసీల గుర్తులు మ్యాప్ మీద పెట్టారు. ఖాళీ టైం బోలెడు ఉన్నవాళ్ళకి మిస్టరీ, మాలాంటోళ్ళకి తలనొప్పి.

ఎద్దుబండి_సీటు:
ఫాస్ట్ ట్రావెల్ మీద నేను గుర్రం బ్రో పక్షం. డ్రాగన్స్ డాగ్మా 2 ఆడండి. ఫెర్రీస్టోన్ (టెలిపోర్ట్ చేసే రాయి) వాడితే అయిపోతుంది, కానీ మొదట్లో అవి దొరకడమే కష్టం, ధర చూస్తే వాడబుద్ధి కాదు. అందుకని ఎద్దుబండి ఎక్కి కునుకు తీస్తా, సగం దారిలో గాబ్లిన్లు మీదపడి లేపుతాయి, అదృష్టం బాలేకపోతే గ్రిఫిన్ వచ్చి బండే విరగ్గొడుతుంది, ఇక మిగతా దారంతా నడక. చీకటి పడితే లాంతరు వెలుగు తప్ప ఏం కనబడదు. ప్రయాణానికి రిస్క్ ఉంటేనే ప్రయాణం.

సైడ్‌క్వెస్ట్_పిచ్చి:
మొదటి కొన్ని సార్లు రిస్కు, తర్వాత అవే గాబ్లిన్లు, అదే మలుపు. శత్రువుల రకాలు తక్కువున్న గేమ్‌లో దూరం పెంచితే నడక సాగుతుందే గానీ సాహసం పెరగదు.

కింగ్‌డమ్ కమ్ (2018) పద్ధతి నాకు బెటర్ అనిపించింది. ఫాస్ట్ ట్రావెల్ కొడితే మ్యాప్ మీద మన బొమ్మ కదులుతూ పోతుంది, ఆకలి పెరుగుతుంది, మధ్యలో ఎవడో దోపిడీకి అడ్డం పడొచ్చు. అదీ వద్దనుకుంటే హార్డ్‌కోర్ మోడ్ ఉంది, ఫాస్ట్ ట్రావెల్ ఉండదు, మ్యాప్ మీద మనం ఎక్కడున్నామో కూడా చూపించదు. గుర్రం బ్రోకి కావల్సిందీ ఉంది, పదకొండు గారికి కావల్సిందీ ఉంది.

పాత_జర్నల్:
మోడ్ ఇవ్వడం మంచిదే, కానీ మోడ్‌కి తగ్గట్టు రాత కూడా ఉండాలి. అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో (2018) ఎక్స్‌ప్లోరేషన్ మోడ్ పెడితే బాణానికి బదులు ఫలానా ప్రాంతం, ఫలానా ఊరికి దక్షిణం అని ఆనవాళ్ళు ఇస్తుంది, దగ్గరికెళ్ళి డేగని ఎగరేసి మనమే వెతుక్కోవాలి. ఆ ఆనవాళ్ళు ఎవరో కూర్చుని రాస్తేనే ఆ మోడ్‌కి అర్థం. మిగతా చాలా గేముల్లో సెట్టింగ్స్‌లో ఒక టోగుల్ పడేసి, మీ ఇష్టం అన్నాం కదా అని చేతులు దులుపుకుంటున్నారు.

దారితప్పిన_గుర్రం:
సరే, మార్కర్లు అన్ని గేముల్లో ఆపమని ఇక అనను, రాసినోళ్ళు దారి రాసినచోట ఆపండి. ఫాస్ట్ ట్రావెల్ మాత్రం ఆపాల్సిందే, దీంట్లో ఎవరేం చెప్పినా వినను.

కొత్తగా_వచ్చా:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, విచర్ 3 నిన్ననే ఇన్‌స్టాల్ చేశా. మ్యాప్ మీద ప్రశ్నార్థకాలన్నీ వెళ్ళి చూడాలా?

సైడ్‌క్వెస్ట్_పిచ్చి:
వద్దు తమ్ముడూ! ముఖ్యంగా స్కెలిగె దీవుల చుట్టూ సముద్రంలో ఉన్నవి, చాలావరకు స్మగ్లర్లు దాచిన పెట్టెలే, పడవేసుకుని ఒక్కోదానికీ ఈది ఈది ప్రాణం పోతుంది. 2022 చివర్లో వచ్చిన అప్‌డేట్‌లో అవి కనబడకుండా ఫిల్టర్ పెట్టారు, అది అలాగే ఉంచు. ఊళ్ళోకి వెళ్ళగానే నోటీస్ బోర్డు చదువు, అక్కడ దొరికే మాన్‌స్టర్ కాంట్రాక్టులు చాలు.

రాత్రి_పదకొండు:
చుక్కల గీత కూడా ఉంచుకో, గుర్రం గారు ఏమన్నా పట్టించుకోకు.