అను ఫాంట్ల జాబితాను కోహాలోకి ఎక్కించేదెలా?

నమస్కారం. డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వచ్చేలోపు యాక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీలో చేరిన పుస్తకాల పట్టిక) మొత్తం కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలంటున్నారు. (సాఫ్ట్‌వేర్ వచ్చాక మీకు పనేముంటుందని స్టాఫ్‌రూమ్‌లో జోకులు కూడా!) ఇంగ్లిష్ పుస్తకాలతో బాధ లేదు, ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీదుండే నంబరు) కొడితే జెడ్39.50 అనే పద్ధతి ద్వారా వేరే లైబ్రరీల నుంచి వివరాలు వచ్చేస్తున్నాయి. పాత తెలుగు పుస్తకాలకు ఆ నంబరే ఉండదు. ఎప్పుడో డీటీపీలో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించిన ఎక్సెల్ జాబితా ఉంది. మార్క్‌ఎడిట్ అనే టూల్‌తో మార్క్ రికార్డులుగా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు చదివే రూపంలోకి) మార్చి ఎక్కిస్తే పేర్లన్నీ పిచ్చి గుర్తులు. యూనికోడ్ కన్వర్టర్‌లో వేస్తే వత్తులు ఎగిరిపోతున్నాయి, ‘శ్రీ’ ఉన్నచోటల్లా చుక్కలే. అక్షరాలు చెడకుండా మార్చే దారి ఉందా? లేక రిజిస్టరు ముందేసుకుని మళ్లీ టైపు చేసుకోవడమే నయమా? పిల్లలేమో తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుకుతారు. అందుకు మార్క్ రికార్డులో 246 ఫీల్డు (పుస్తకం పేరుకు ఇంకో రూపం) సరిపోతుందా, 880 (అదే వివరం వేరే లిపిలో) పెట్టాలా? ఈ పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.