ఉదయగిరి భోషాణంలో చదరంగం బొమ్మలు: కంపెనీ కాలంనాటివా, మొన్నమొన్నటివా?

పెన్నఒడ్డు:
ఉదయగిరిలో మా జేజినాయన కట్టిన ఇల్లు పడగొడుతుంటే భోషాణంలో చెక్క చదరంగం బొమ్మలు బయటపడ్డాయి. ఏనుగు మీద మావటి, గుర్రం మీద రౌతు, శకటు స్థానంలో ఒంటె. లేత పసుపు చెక్క పక్షంలో బంట్లు ఎర్రకోటు రంగు వేసిన తుపాకీ సిపాయిలు, ముదురు ఎరుపు పక్షంలో కత్తీ డాలూ పట్టిన భటులు. పోయిన బంట్లకు బదులు చింతపిక్కలు మూటకట్టి ఉన్నాయి. వెంకటగిరి రాజావారు ఇచ్చినవనీ, రెండొందల ఏళ్ళవనీ మా పెదనాయన అంటాడు. చెన్నై నుంచి వచ్చిన పాతసామాన్ల వ్యాపారి మాత్రం యాభై ఏళ్ళు మించవని తేల్చేశాడు. మీరేమంటారు?

కోటగుమ్మం:
పెదనాయన మాటే రైటు. ఎర్రకోటు సిపాయి అంటే ఈస్టిండియా కంపెనీ. 1858లో కంపెనీ పాలన పోయింది కదా, ఇవి అంతకు ముందువే. బెంగాల్లో బరంపురం పనివాళ్ళు ఒకవైపు కంపెనీ సైన్యం, ఇంకోవైపు దేశీ సైన్యం పెట్టి ఇలాంటివే చెక్కేవాళ్ళు.

చేవకర్ర:
బరంపురం వాళ్ళ పేరున్న పని ఏనుగుదంతంలో అన్నా, ఇవి చెక్క. పైగా 1858 తర్వాత కూడా మన మద్రాసు పటాలాలు ఎర్రకోట్లే తొడిగాయి. కోటు చెప్పేది ఒక్కటే, దాన్ని చూశాకే బొమ్మ చెక్కారని. ఎంత తర్వాతో చెప్పదు. నిన్న కొండపల్లిలో చేసిన అంబారీ ఏనుగు కూడా రాజుల కాలందేనంటారా?

ముందు బొమ్మను తలకిందులు చేయండి. ముఖానికి అందరూ పాలిష్ పెడతారు, అడుగు ఎవరికీ పట్టదు. నిజంగా ఆడినదైతే అడుగు అంచు మొద్దుబారి, గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చినదాంట్లో గీతలు ఒకే వైపు సాగుతాయి. వేళ్ళు తగిలే చోట నునుపు, తొండం మడతల్లో నల్లటి మడ్డి ఉండాలి. వేలు దూరని సందు కూడా అంతే అరిగి ఉంటే అనుమానించాల్సిందే.

పెన్నఒడ్డు:
అడుగున పచ్చ గుడ్డ అంటించి ఉంది. ఒక ఏనుగుకు ఊడిపోతే చూశాను. కింద ఉలి గాట్లు, వాటి మీద అన్ని వైపులా గీతలు.

చేవకర్ర:
అదీ సంగతి! గుడ్డ కింద గీతలున్నాయంటే ముందు గుడ్డ లేకుండానే ఆడారు. దాన్ని తర్వాత ఎవరో అంటించారు. మీ వ్యాపారి లెక్క కట్టింది గుడ్డ వయసేమో.

రాళ్ళపాడు:
ముదురువి ఎర్రచందనమే. ఆ రంగు నీళ్ళలో దిగదు, స్పిరిట్‌లో దిగుతుంది. దూదితో రుద్ది చూడండి. వెలిగొండల్లో చెట్టు, ఉదయగిరిలో చెంచాలు చెక్కే చేతులు. ఇంకేం కావాలి?

చేవకర్ర:
స్పిరిట్‌లో లక్క కూడా కరుగుతుంది తమ్ముడూ. రంగు లక్క పూసి ఉంటే ఏ చెక్కయినా ఎరుపే దిగుతుంది, పైపూత కూడా పోతుంది. దయచేసి ముఖం మీద రుద్దకండి. ఇక చెక్క ఇక్కడిదైనంత మాత్రాన ఉలి ఇక్కడిది కాదు. లేత రంగుది బిక్కి చెట్టు చెక్క అయితే ఉదయగిరిలో వాడేదే, నిజమే. కానీ బిక్కి మన జిల్లాలోనే పెరుగుతుందా? చెక్క ఏ జాతిదో బెంగళూరులోని వుడ్ సైన్స్ సంస్థలో చెప్తారు. ఎవరు చెక్కారో వాళ్ళూ చెప్పలేరు.

కోటగుమ్మం:
ఇంత గోలెందుకు, చెక్కలో మిగిలిన కార్బన్-14ను కొలిచి వయసు చెప్పే కార్బన్ పరీక్ష చేయిస్తే పోలా?

దర్శి మాస్టారు:
ఇక్కడ అది పెద్దగా ఆదుకోదు. సుమారు 1650 నుంచి 1950 దాకా ఆ లెక్క గజిబిజి, ఒకే ఫలితానికి రెండు మూడు కాలాలు సరిపోతాయి. 1950ల అణుపరీక్షలతో గాలిలో కార్బన్-14 పెరిగింది కాబట్టి ఆ తర్వాత పెరిగిన చెక్క మాత్రం దొరికిపోతుంది. అది కనిపిస్తే వ్యాపారి గెలిచినట్టు. కనిపించకపోతే ఎవరూ గెలవనట్టే. 1975లో కొట్టిన చెట్టు చేవ 1930లో పెరిగినది కావచ్చు. ఆ చింతపిక్కలు నయం, పిక్క ఒక్క కాపుది. అయితే అవి చెప్పేది బంట్లు పోయిన కాలం, చెక్కిన కాలం కాదు.

కోటగుమ్మం:
సరే మాస్టారూ, నా 1858 పక్కన పెడతా. వ్యాపారి మాట మాత్రం నమ్మను. వందేళ్ళు దాటితే 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు, సొంతంగా విదేశాలకు అమ్ముకోవడం కుదరదు. వయసు తగ్గించి చెప్తే వాడికి ధరా కలిసొస్తుంది, దారీ సాఫీ అవుతుంది. అడుగు కూడా తిప్పి చూడకుండా యాభై ఏళ్ళని ఎట్లా చెప్పాడో ముందు వాడినే అడగండి.