ఇంజన్ మార్చిన అంబాసిడర్‌ని పాత కార్ల క్లబ్‌లో చేర్చుకోవాలా?

కర్నూలులో మేం పదకొండు మందిమి పాత కార్ల వాళ్లం. నెలలో మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు కొండారెడ్డి బురుజు దగ్గర కలిసి, ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా వెళ్లొస్తాం. ఇప్పటిదాకా ఒకటే రూలు: కారు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి.

మూడు నెలల కింద ఒకాయన 1978 మార్క్-3 అంబాసిడర్‌తో వచ్చారు. 1489 సీసీ ఇంజన్ తీసేసి, జపాన్ ఇసుజు కంపెనీ డిజైన్‌తో తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్ల బాక్స్ పెట్టించారు. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు కిందికి వచ్చింది. కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకున్నారు. బాడీ మాత్రం ముట్టుకోలేదు. "అదే కంపెనీ, అదే కారులో పెట్టిన ఇంజనే కదన్నా" అంటారాయన. నిజమే మరి.

ఓటింగ్ పెట్టాం. ఐదుకు ఐదు, ఒకరు రాలేదు. మళ్లీ పాత స్థితికి తేగలిగే మార్పులైతే సరే అనుకున్నాం. కానీ ఆయన పాత ఇంజన్ తుక్కు కింద అమ్మేశారట. 2021 నాటి కేంద్ర వింటేజ్ రూల్స్ చూశాం. అవి 50 ఏళ్లు దాటి, బాడీ, ఛాసిస్, ఇంజన్ మార్చని బండ్లకే. పోయిన నెల మాడిఫైడ్ బండ్లకు వేరే వరుస పెట్టాం. పాపం చివర్లో ఆయనొక్కరే నిలబడ్డారు, చూడ్డానికే ఇబ్బందైంది.

ఇంకో మాట. నా 1971 ఫియట్‌కే బ్యాటరీ ఛార్జ్ చేసే పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయించా, టైర్లు కూడా పాత రకం తీసి రేడియల్ వేయించా. ఆయన్ని కాదంటే నన్నూ కాదనాలి.

మాడిఫైడ్ బండ్లను చేర్చుకున్న క్లబ్బుల వాళ్లు చెప్పండి: ఏ మార్పు దాకా ఒప్పుకున్నారు, ఏ మార్పుకి వద్దన్నారు?