పాత పీసీలో డిస్క్ 100 శాతం: ఎస్‌ఎస్‌డీ వేస్తే సరిపోతుందా?

నా పీసీ: కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్2 ర్యామ్, 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్, 64 బిట్ విండోస్ 10. ఆన్ చేశాక పది నిమిషాలు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 దగ్గరే ఉంటోంది, సీపీయూ 15 కూడా దాటట్లేదు.

స్టార్టప్‌లో అనవసరమైనవి ఆపేశాను. సర్వీసెస్‌లో సిస్‌మెయిన్ (తరచూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చేది), విండోస్ సెర్చ్ డిసేబుల్ చేశాను. యానిమేషన్లన్నీ తీసేశాను, ఫాంట్ స్మూతింగ్ మాత్రం ఉంచాను (అది తీస్తే తెలుగు ఒత్తులు చదవలేం). పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) జోలికి పోలేదు. 4 జీబీ ర్యామ్‌తో అది కూడా లేకపోతే బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే మూతపడతాయి.

డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో రీఅలొకేటెడ్ సెక్టర్లు (పాడైతే వేరే చోటికి మార్చినవి) 0, పెండింగ్ సెక్టర్లు (సరిగా చదవలేక అనుమానంలో ఉన్నవి) 8. డిస్కే పోతోందనుకోవాలా? అలాగైతే ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయడం (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయడం) కన్నా ఫైళ్లు బ్యాకప్ తీసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలా?

మదర్‌బోర్డులో డిస్క్ కనెక్షన్ పాత రకం సాటా 2. బయాస్‌లో ఐడీఈ మోడ్ (డిస్క్‌ను నడిపే పాత పద్ధతి) ఉంది. క్లోన్ చేసినట్టయితే, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగుల టూల్) సేఫ్ బూట్ పెట్టి, బయాస్‌లో ఏహెచ్‌సీఐకి (ఐడీఈ తర్వాత వచ్చిన కొత్త పద్ధతి) మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొస్తే బ్లూ స్క్రీన్ రాకుండా ఉంటుందా? ఇలాంటి బోర్డు మీద చేసినవాళ్లు చెప్పగలరు.