బ్యాక్‌బీట్‌ని తెలుగులో ఏమందాం? (‘ఎదురుదెబ్బ’ మాత్రం వద్దు)

పెద్దలందరికీ నమస్కారం. అమెరికా డ్రమ్మర్ ఎర్ల్ పామర్ గురించి ఓ వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. పేరు పామర్ గానీ మనిషి పామరుడు కాడు లెండి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, మాజీ సైనికుల చదువుకి సర్కారు ఇచ్చే డబ్బుతో సంగీత పాఠశాలలో చేరి స్వరాలు చదవడం నేర్చుకున్నవాడు.

ఇంతకీ మాట బ్యాక్‌బీట్. లయని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతుంటే, రెండో దాని మీదా నాలుగో దాని మీదా స్నేర్ డ్రమ్ (డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్ము) గట్టిగా కొట్టడం. మొదట ‘ఎదురుదెబ్బ’ అని పెట్టాను. తిరిగి చదివితే ‘పామర్ వాయించిన పాటలన్నిటా ఎదురుదెబ్బలే’ అని వచ్చింది! వేల రికార్డింగులకి వాయించినాయనకి ఇదేం ఖర్మ?

ఆయన 1924లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. చిన్నప్పుడే అమ్మతో పాటు స్టేజీ ఎక్కి ట్యాప్ డాన్స్ చేశాడు. లయ ముందు కాళ్ళకి పట్టి తర్వాత చేతులకి వచ్చిందన్నమాట. ఆ ఊరి జాజ్‌లో రెండూ నాలుగూ మీద గట్టిగా కొట్టడం చివరి చరణంలో, ఊపు పతాక స్థాయికి చేరాకే ఉండేది. 1949 డిసెంబరులో గాయకుడు ఫ్యాట్స్ డామినో ‘ది ఫ్యాట్ మ్యాన్’ పాట రికార్డు చేసినప్పుడు పామర్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించేశాడు. పాట అడిగింది, వాయించాను అన్నట్టే చెప్పుకున్నాడు తర్వాత.

వ్యాఖ్య: ‘అనాగతం’ ఉంది కదండీ మన శాస్త్రంలో?

నా జవాబు: అది తాళ శాస్త్రంలో ‘గ్రహం’ అనే దాంట్లో ఒక రకం మాస్టారూ, తాళం మొదలయ్యాక పాట ఎక్కడ ఎత్తుకుంటారన్న సంగతి. ఇక్కడ ఎత్తుగడతో పేచీ లేదు, బరువు ఎక్కడ పడుతుందన్నదే. ఆది తాళం వేసి చూడండి. చివరి రెండు ద్రుతాల్లో దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మన అరచెయ్యి వెల్లకిలా తిరిగి చప్పుడు చెయ్యకుండా ఉన్న ఆ విసురు దగ్గరే పామర్ స్నేర్ మోగుతుంది! నిన్న రాత్రి ఒక చేత్తో తాళం, ఇంకో చేత్తో బల్ల మీద దరువు వేసి చూశాను. ఇంట్లోవాళ్ళు నిద్ర లేచారు.

వ్యాఖ్య: అన్నా, మా దిక్కు డప్పుల సిర్రతోని ఒకటి, సిటికెన పుల్లతోని ఒకటి వేస్తరు. దరువు అంటే మొత్తం నడక, ఒక్కొక్కటి దెబ్బ. తొలి దెబ్బ, మలి దెబ్బ అంటే పోలే?

నా జవాబు: మలిదెబ్బ! తమ్ముడూ, దండాలు. పామర్ కూడా దీన్ని ‘ఆఫ్టర్‌బీట్’ అనేవాడు, అంటే తర్వాతి దెబ్బే. ఎదురు అంటే పోట్లాట, మలి అంటే వరస. ‘దెబ్బ’ అంటే గాయం గుర్తొస్తుందని ఎవరైనా అంటారేమో గానీ, వాద్యం పక్కనుంటే ఆ గోల ఉండదు.

వ్యాఖ్య: పామర్ తరం వాయించిన ‘షఫుల్’ అనే నడకకి మాటేంటి మరి?

నా జవాబు: దానికి కొత్త మాటెందుకండీ, నోటితో చెప్పేస్తే చాలు. ‘తకిట’లో నడిమి ‘కి’ మింగేయండి. త-ట, త-ట అని కుంటుతూ నడుస్తుందే, అదే షఫుల్. తిశ్ర నడక, అంటే దెబ్బకి మూడు భాగాలు. రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ కుడిచెయ్యి పియానో మీద ‘తక తక’ అని సమంగా బాదుతుంటే పక్కన షఫుల్ అతకలేదు. అందుకే పామర్ కూడా సమానపు నడకకి మారాడు. రిచర్డ్ పాట ‘లూసిల్’ (1957) వింటే తేడా తెలుస్తుంది. నన్నడిగితే మలిదెబ్బ కంటే ఈ మార్పే పెద్దది. తర్వాతి రాక్ డ్రమ్మర్లు చాలామంది ఈ నడకలోనే పడ్డారు.

వ్యాఖ్య: 1957లోనే లాస్ ఏంజెలెస్ వెళ్ళి స్టూడియోల్లో స్థిరపడ్డాడు కదా. ‘సైడ్‌మ్యాన్’ని ఏమని రాస్తున్నారు?

నా జవాబు: అది మనకి ఎప్పటినుంచో ఉన్న మాటే అక్కా, పక్కవాద్యం. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు పక్కవాద్యగాళ్ళకంటూ ఒక విభాగం పెట్టారు. ఆ మొదటి ఏడాదే పామర్ పేరు అందులో ఉంది. ‘సహవాద్యకారుడు’ అని ఎడిటర్ గారు దిద్దకుండా ఉంటే బావుణ్ణు.