ఆసియాన్ 'ఒకే గుర్తింపు' అంటే పిల్లలకు ఎట్ల అర్థం చేయించాలె?

మిర్యాలగూడ దిక్కు హైస్కూల్ల సోషల్ చెప్త. తొమ్మిదో క్లాసుతోని ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ప్రాజెక్టు చేయిస్తున్న. 1967ల బ్యాంకాక్‌ల ఐదు దేశాలతోని మొదలైంది, 2025 అక్టోబర్ల తిమోర్ లెస్తె చేరి పదకొండైనయ్, ఇక్కడిదాక మంచిగనే పోయింది. "ఒకే దృష్టి, ఒకే గుర్తింపు, ఒకే సమాజం" అన్న వాళ్ల నినాదం కాడ ఆగింది బండి. ఇండోనేషియాల ముస్లింలు ఎక్కువ, థాయ్‌లాండ్‌ల బౌద్ధులు, ఫిలిప్పీన్స్‌ల క్రైస్తవులు, ఆఫీసు భాషేమో ఇంగ్లీషు, మరి ఒక్కటెట్లయితరు సార్ అంటున్నరు, అడుగుడు కూడా కరెక్టే.

జెండా చూపిచ్చిన, నడుమ వరి కట్ట ఉంటది కదా, రైసుమిల్లుల కాడి పిల్లలకు జల్దీ ఎక్కింది గానీ "వరి మనం గూడ పండిస్తం, మనమెందుకు లేం" అన్నరు. సరే అని రామాయణం పట్టుకున్న, థాయ్‌లాండ్ రామకియెన్, కంబోడియా రియామ్‌కేర్ బొమ్మలు చూపిస్తే అదీ మన దిక్కే పోయింది, ఫిలిప్పీన్స్ సంగతేందని ఇంకో ప్రశ్న. ఆసియాన్ గీతం వినిపిస్తే అదేమో ఇంగ్లీషుల ఉందని నవ్విన్రు.

పీరియడ్ 40 నిమిషాలు, ప్రొజెక్టర్ లేదు, నా ఫోనొక్కటే. మన రాష్ట్రాలతోని పోలిక వద్దు, అది ఒక్క దేశం లోపలి ముచ్చట.

ఎవరి గుర్తింపు వాళ్లు ఉంచుకుంటనే దేశాలు ఇంకోటి ఎట్ల కలుపుకుంటయో ఒక్క పీరియడ్‌ల పిల్లలతోనే చేయించే యాక్టివిటీ ఏదన్న చెప్తరా?